పన్నెండో నంబరు గ్యాసు

తొంభై ఒకటి శ్రావణంలో
నరసాపురం మాధవాయిపాలెం రేవు మీద
పొద్దు గూకాక కూడా
వెలుతురు పోనని మొరాయించింది.
ముందు నారింజ, తర్వాత వంగపూవు,
ఆఖర్న బకెట్లో నీలిమందు ఒలికినట్టు
ఏటి మీద అంతా అదోరకం.
పంటు దిగే జనం తలలెత్తి చూశారు.
సరంగు గుబ్బల ఏసోబు మాత్రం
"సముద్రం అవతల ఏదో కాలింది" అన్నాడు.
ఎలా తెలిసిందో,
ఏనాడూ సఖినేటిపల్లి దాటనివాడికి.

కాలింది నిజమే.
ఫిలిప్పీన్స్‌లో పినటుబో అనే కొండ
అయిదొందల ఏళ్ళ నిద్ర లేచి
గంధకాన్ని మబ్బుల పైకి ఊసింది.

అదే సాయంత్రం నేను
కొల్లాటి పోలయ్య సోడా షాపులో
పాత ఫ్రిజ్జు గొట్టం కోస్తున్నాను.
స్‌స్‌స్‌...
పన్నెండో నంబరు గ్యాసు.
రంగు లేదు, వాసన లేదు, మంట లేదు.
మా గురువు చిట్టూరి భద్రంగారు అనేవారు:
"దీనంత మర్యాదస్తురాలు ఇంకోటి లేదురా.
అమ్మోనియా అయితే కళ్ళు పీకేస్తది.
ఇది గుమ్మం దాటి ఎటు పోద్దో
దానికే తెలీదు."

ఎటు పోయిందో తెలియడానికి
నాకు ఇరవై ఏళ్ళు పట్టింది.
కాకినాడలో రెండ్రోజుల ట్రైనింగు,
సర్టిఫికెట్టు, మధ్యాహ్నం పులిహోర.
జుబేదా మేడం బోర్డు మీద గీసింది:
కింద మనం, పైన ఎండ,
మధ్యలో ఓజోను, సుద్దముక్కతో ఒక్క గీత.
కొంచెం ఆశగానే లేచి అడిగాను:
"అయితే మేడం, పాడు చేసింది ఆ కొండే కదా?"

కాదంది.
కొండ దగ్గరా క్లోరిను ఉందిగానీ
అది నీళ్ళకి లొంగుతుందట.
పైకి చేరేలోపే చాలామటుకు
వాన కడిగి కింద పడేసింది.
ఎక్కింది గంధకం.
ఎక్కి, సన్నటి ఆమ్లపు చుక్కలై తేలింది.
ఆ చుక్కలు ఓజోను జోలికి పోలేదు.
చోటిచ్చాయి, అంతే.

అక్కడ నాకర్థమైంది.
వరద తీశాక వశిష్ఠలో మేట పడుతుంది చూడండి,
ఇసుక పాపం ఎరగదు,
తెల్లారేసరికి దాని మీద
పాకలు, హద్దులు, కర్రలు, తలకాయలు పగలడాలు.
అలా ఆకాశంలో లంకలు లేచాయి.
వాటి మీద దిగింది మా గ్యాసు,
అంటే అది విరిగాక మిగిలిన క్లోరిను.
అన్నాళ్ళూ చేతులు కట్టుకు కూర్చున్నది
కాలు పెట్టే చోటు దొరగ్గానే
కట్టు విప్పుకుంది.

"నేను వదిలిందేనా మేడం?"
"మీరు అప్పుడు వదిలింది ఇంకా దారిలోనే ఉండుంటుంది.
అంతెత్తు పోవడానికి ఏళ్ళు పడుతుంది.
పైనున్నది మీ ముందువాళ్ళది."

అంటే భద్రంగారిది.
ఆస్పత్రిలో పోలియో చుక్కల పెట్టెకి
పైసా పుచ్చుకోకుండా గ్యాసు నింపిన మనిషిది.
ఆ పిల్లలు నడిచారు.
గ్యాసూ నడిచింది.
నిండు నూరేళ్ళట దాని ఆయుష్షు.
ఎవరు దీవించారో.

ఇంటికొచ్చి సత్యవేణికి చెప్పాను.
లేసు సూది ఆపకుండా వింది.
లేసంటేనే కన్నాలు కదా, లెక్కపెట్టి వదిలేవి.
లెక్క తప్పి తెగింది వేరు.
"మళ్ళీ కూడుకుంటుందా?"
కూడుకుంటుందట, మనం లాగడం మానేస్తే.
మెల్లిగా. మన మనవల కాలానికి.
ఈలోగా పెద్ద కొండలు లేవకపోతే మంచిది.
"కొండకెవరు చెబుతారు?" అంది,
దారం పళ్ళతో తెంపుతూ.

ఇప్పుడు పాత ఫ్రిజ్జు వస్తే
గ్యాసుని సిలిండర్లోకి తోడతాను.
అరగంట దండగ అని గొణుగుతాడు
నా దగ్గర పని నేర్చుకునే మోషే.
దండగే.
ఆ అరగంటా గొట్టం పక్కన చెవి పెట్టి కూర్చుంటాను.
చప్పుడు రాదు.
ముప్ఫై ఏళ్ళు ఆ చప్పుడు మీదే బతికినవాణ్ణి.

రేవు మీద పొద్దు
మరీ అందంగా గూకిన రోజున
నాకు అన్నం సయించదు.